మిగిలిన నలభై పేజీలు

కళ్యాణి ఖాకీ బట్టల్లో కనబడితే చాలు, అడవి అంచు గూడేలు సద్దుమణిగిపోయేవి. బోరింగు దగ్గర మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు మాట మధ్యలోనే ఆపేసేవారు. గొడ్డళ్లు చూరులోకి పోయేవి. పలకరిస్తే "ఆ మేడం", "లే మేడం" అని రెండే జవాబులు. చర్ల నుంచి లోపలికి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు పరుచుకున్న అడవిలో ఒక ముక్క ఆమె బీటు. ఫారెస్టు బీట్ ఆఫీసరుగా అక్కడికొచ్చి నాలుగేళ్లయింది. పోడు సేద్యానికి అడవి కొట్టకుండా చూడటం, కొడితే కొలిచి రిపోర్టు రాయడం, ఖాళీ అయినచోట కందకం తవ్వించి మొక్కలు పెట్టించడం ఆమె పని. అలాంటి పని చేసే మనిషిని కూర్చోబెట్టి కష్టసుఖాలు మాట్లాడేవాళ్లు ఎవరుంటారు?

సొంతూరు ఏన్కూరు అవతల ఒక తండా. తండ్రి బద్యా పత్తి, మిరప వేస్తాడు. మంగళవారం పుట్టిందని ఇంట్లో మంగ్లి అని పేరు పెట్టారు. బడిలో చేర్చిన రోజు సారు ఆ పేరు వద్దని రిజిస్టరులో కళ్యాణి అని రాశాడు. ఇప్పుడామెకు ముప్పై ఒకటి. మంగ్లి అని పిలిచేది తల్లి చాంది ఒక్కతే, అదీ ఫోన్లో.

చర్లలో గోదారి వైపు పల్లపు వీధిలో ఒక గది కిరాయికి తీసుకుంది. ఇంటావిడ సుబ్బరత్నం గారు. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. మంచి మనిషే. పండక్కి గారెలు పంపుతుంది. కానీ గుమ్మం దాటి గదిలోకి రాదు, తన ఇంట్లోకి పిలవదు. సాయంత్రం ఆరు తర్వాత కళ్యాణి గొంతు వినేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక్కోసారి శనివారం సాయంత్రం గది తలుపు వేసుకుంటే, మళ్లీ సోమవారం పొద్దున రేంజి ఆఫీసులో "గుడ్ మార్నింగ్ సార్" అన్నప్పుడే నోరు తెరిచేది. అప్పుడు తన గొంతు తనకే బొంగురుగా వినపడేది.

ఆ గదిలో ఆమెకు తోడుగా ఉన్నవి మూడు పుస్తకాలు.

మొదటిది ఐదారేళ్ల కింద దొరికింది. ఉద్యోగం కోసం హైదరాబాదులో కోచింగు తీసుకుంటున్నప్పుడు, ఇంగ్లీషు బాగుపడాలంటే రోజూ ఏదో ఒకటి చదవమని సారు చెప్పాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు తిరగేస్తుంటే ఒక అట్ట మీద నల్లటి పిల్ల కనిపించింది. జడల నిండా గవ్వలు. నాయనమ్మ పెళ్లి రవికె అంచున కుట్టినవి అచ్చం అలాంటి గవ్వలే. ఆ గవ్వల కోసమే కొన్నది. లోపల ఏముందో గదికి వచ్చాక చూసింది.

పదో తరగతి పిల్లలు చదువుకునే నవల అది. ఆఫ్రికాలో పడమటి తీరాన ముసలమ్మలు చెప్పుకునే దేవతల కథలను తీసుకుని అల్లిన పెద్ద మాయల కథ. అందులో పిల్ల పేరు అబ్లా. పడవ నడిపే తల్లిని నది కింద రాజ్యమేలే దేవత ఎత్తుకుపోతుంది. తల్లి గొంతు మాత్రం ఒక సొరకాయ బుర్రలో మిగిలిపోతుంది. ఆ బుర్ర భుజాన వేసుకుని, అమ్మను వెతుక్కుంటూ అబ్లా బయలుదేరుతుంది. మొదట్లో కళ్యాణికి పేజీకి పది మాటలు తెలిసేవి కావు. ఫోన్లో అర్థం చూసి, పెన్సిలుతో పక్కన తెలుగులో రాసుకుంటూ చదివింది. మొదటి భాగానికి నాలుగు నెలలు పట్టింది. చివర్లో, ఆ భాషలో పేర్లకు అర్థాలు ఇచ్చిన పేజీ ఉంది. అక్కడ 'అబ్లా: మంగళవారం పుట్టిన ఆడపిల్ల' అని ఉంది. కళ్యాణి ఆ వాక్యం చదివి, దాని పక్కన పెన్సిలుతో మంగ్లి అని రాసుకుంది.

రెండో భాగం, మూడో భాగం చర్లకు వచ్చాక పోస్టులో తెప్పించుకుంది. ఇంగ్లీషు ఎప్పుడో బాగుపడింది. చదవడం మాత్రం ఆగలేదు. మాట్లాడే డప్పు ఒకటుంది కథలో. అబద్ధం చెప్పేవాడి చేతిలో అది దగ్గుతుంది తప్ప మోగదు. జిత్తులమారి తాబేలు ఒకటుంది. ఆకాశంలో విందుకు పోదామని పిట్టలన్నిటి దగ్గరా ఈకలు అడిగి తీసుకుని, అక్కడ అన్నం మొత్తం తనే తినేస్తుంది. అది చదువుతూ కళ్యాణి పగలబడి నవ్వితే, గోడ అవతల నుంచి సుబ్బరత్నం గారు "ఏమ్మా, చుట్టాలొచ్చారా?" అని అడిగింది. "లేదండీ, ఫోన్" అని అబద్ధం చెప్పింది.

చెట్టు కొట్టేముందు చెక్కపని వాడు దాని మొదట్లో గుడ్డు పగలగొట్టి క్షమించమని వేడుకునే ఘట్టం ఉంది. ఆ పేజీ చదివిన వారమే బీటులో ఒక ముసలాయన ఇప్పచెట్టు కింద పూలు ఏరేముందు కోడిగుడ్డు పెట్టి ఏదో గొణుక్కోవడం చూసింది. ఆగి అడగాలనిపించింది. ఆమెను చూడగానే ఆ ముసలాయన బుట్ట తీసుకుని వెళ్లిపోయాడు.

ఎవరికైనా చెప్పుకోవాలని ఉండేది. తల్లికి ఫోన్లో తమ భాషలో చెప్పి చూసింది. చాంది కాసేపు విని, "ఆ పిల్ల సంగతి తర్వాత, నీ పెండ్లి ముచ్చట చెప్పు" అనేది. కిషన్‌లాల్ అని కొత్తగూడెంలో ఉద్యోగం చేసే అబ్బాయి చూడటానికి వచ్చినప్పుడు, "ఖాళీ టైంల ఏం జేస్తరు?" అని అడిగాడు. కళ్యాణి మొహమాటపడుతూనే మొదలుపెట్టి, డప్పు గురించీ తాబేలు గురించీ చెప్పేసింది. అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు. "పోరగాళ్ల కథలు గదండి! ఆఫ్రికోళ్ల దేవుళ్లు మనకెందుకు, ఉన్నోళ్లు సాల్తలేరా?" అన్నాడు. ఆ సంబంధం వేరే కారణాల వల్ల కుదరలేదు. ఆ తర్వాత కళ్యాణి పుస్తకాల మాట ఎవరి ముందూ ఎత్తలేదు.

మూడో భాగంలో నలభై పేజీలు మిగిలి ఉండగా చదవడం ఆపేసింది. అబ్లా నది ఒడ్డున నిలబడి ఉంది. బుర్ర మూత తీసి నీళ్లలోకి దిగబోతోంది. అక్కడ ఒక కాగితం ముక్క పెట్టి పుస్తకం మూసేసింది. చదివితే అయిపోతుంది. అయిపోతే గదిలో ఇంకెవరున్నారు? మే నెల అంతా, జూన్ అంతా ఆ పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో, మిగతా రెండింటి పక్కన ఉంచి, రోజూ ఒకసారి మూత తెరిచి చూసుకుని మూసేది.

జూలైలో వాన పట్టుకుంది. వారం రోజులు ఎడతెరిపి లేదు. తాలిపేరు ప్రాజెక్టు గేట్లన్నీ ఎత్తేశారు. భద్రాచలం దగ్గర గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటిందని ఫోన్లు మోగాయి. పోలీసులు, రెవెన్యూ వాళ్లు, ఫారెస్టు వాళ్లు, అందరినీ వరద డ్యూటీలో వేశారు. వాగు పక్కన పల్లంలో ఉన్న ఒక గూడేన్ని మెరక మీది స్కూలుకు తరలించే పని కళ్యాణికి పడింది. ముప్పై ఇళ్లు. ట్రాక్టర్ల మీద పిల్లలు, కోళ్లు, ధాన్యం మూటలు. ఆ గూడెం ఆమెకు బాగా తెలుసు. నిరుడు దూలయ్య అనే రైతు పోడుచెలక మధ్య నుంచి కందకం తవ్వించింది, రిపోర్టు కింద సంతకం పెట్టింది ఆమే. ఇప్పుడు ట్రాక్టరు ఎక్కమని అదే దూలయ్యకు చెయ్యి అందించింది. అతను ఆ చెయ్యి పట్టుకోకుండా, పక్క రేకు పట్టుకుని ఎక్కాడు.

స్కూల్లో మూడో రోజు పొద్దున సుబ్బరత్నం గారు ఫోన్ చేసింది.

"కళ్యాణీ, మీ గదిలో కిటికీ దాకా వచ్చేశాయమ్మా నీళ్లు. మేం డాబా మీదున్నాం. తాళం మీ దగ్గరే ఉండిపోయింది, ఏమీ తియ్యలేకపోయాం. సర్టిఫికెట్లేవన్నా ఉన్నాయా?"

"లేవండీ. ఆఫీసు బీరువాలో ఉన్నయ్. మీరు జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ట్రంకు పెట్టె మంచం కింద ఉంది.

వరండాలో ఒక మూల, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఏడవలేదు. అన్నం బకెట్లు వచ్చాయని ఎవరో పిలిచినా లేవలేదు. కాసేపటికి దూలయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అరవై ఏళ్లుంటాయి. అతనికి మీరు, నువ్వు తేడాల్లేవు, కలెక్టరునైనా నువ్వనే అంటాడు.

"ఏంది మేడం, ఇంట్ల మనుషులెవరన్న పోయిండ్రా?"

"లేదు. గదిలకి నీళ్లొచ్చినయ్. పుస్తకాలు పోయినయ్."

దూలయ్య మొహం వికసించింది. "డూటీ పుస్తకాలా? మా చెలక రాసిన కాయితాలా?"

కళ్యాణికి అంత బాధలోనూ నవ్వొచ్చింది. "అవి కాదు. అవి ఆఫీసుల భద్రంగున్నయ్. ఇవి కథల పుస్తకాలు."

"కథలా?" అతను కొంచెం నిరాశపడ్డాడు. వాన రేకుల మీద మోగుతోంది. చేసేందుకు పనేమీ లేదు. "ఏం కథ?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగింది. తర్వాత, పడవ నడిపే ఒక తల్లి ఉండేదని మొదలుపెట్టింది.

దూలయ్య విన్నది విన్నట్టు వెనక్కి తిరిగి, వరండాలో ఉన్న తనవాళ్లకు తమ భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు అతని భార్య పూలి వచ్చి కూర్చుంది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. తర్వాత ఇంకో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. సాయంత్రానికి వరండా నిండింది. మర్నాడూ చెప్పింది, ఆ మర్నాడూ చెప్పింది. ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెబుతుంటే, అది దూలయ్య నోట ఇంకో భాషలోకి పోతుంటే, ఆమె ఒక వాక్యం చెప్పి ఆగి వాళ్ల మొహాలు చూసేది. తాను నవ్విన చోట వాళ్లు కొంచెం ఆలస్యంగా నవ్వేవారు. తాబేలు ఈకలు అడిగి తీసుకున్నప్పుడు ఒక ముసలామె కోపంగా ఏదో అంది.

"ఏమంటుంది?"

"ఈకలిచ్చిన పిట్టలదే తప్పంట. అడగంగనే ఇస్తరా అంటంది."

మాట్లాడే డప్పు గురించి చెప్పినప్పుడు దూలయ్య తర్జుమా మానేసి, "అసొంటి డోలు మీ రేంజరు సారుకొకటి ఇయ్యాలె" అన్నాడు. ఎదురుగా ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. కళ్యాణి విననట్టే కథ కొనసాగించింది. కథ మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం అబ్లాను నది ఒడ్డుకు తెచ్చి ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాడు దూలయ్య.

"తెలవదు. చదవలే."

"ఎందుకు సదవలే?"

"అయిపోతదని."

అతను ఆ మాట వెనక్కి తిరిగి చెప్పాడు. ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. పూలి నవ్వలేదు. ఆమె మొగుడి భుజం తట్టి ఏదో అడిగింది. దూలయ్య చెప్పాడు: "తల్లి దొరుకుతదా అని అడుగుతంది. మా పిల్ల మిల్లుల పనికని తమిళనాడు పోయి రెండేండ్లాయె. ఎనిమిది నెల్లసంది ఫోను లేదు. అందుకని అడుగుతంది."



మర్నాడు వాన తెరిపిచ్చింది. ఇంకో రెండు రోజులకు ట్రాక్టర్లు వచ్చాయి. ఎవరి మూటలు వాళ్లు సర్దుకుని ఎక్కారు. పోయొస్తమని ఎవరూ అనలేదు. వాళ్లకు బురదలో ఇళ్లు ఎదురుచూస్తున్నాయి. కళ్యాణి వరండా ఊడ్పించి, తాళం హెడ్మాస్టరుకిచ్చి, బండి మీద చర్లకు పోయింది. గదిలో మోకాలి ఎత్తు ఒండ్రు. పుస్తకాలు మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా తయారయ్యాయి. ఎండలో పెట్టి చూసింది. పెన్సిలు రాతలు ఒండ్రు కింద కనబడకుండా పోయాయి. రెండో రోజు పేజీలు విడదీయబోతే ముద్దలుగా చేతికొచ్చాయి. సుబ్బరత్నం గారు డాబా మీంచి చూసి, "పోనీలెద్దూ, మళ్లీ కొనుక్కోవచ్చు" అంది.

మూడో భాగం మళ్లీ తెప్పించింది. రోడ్లు దెబ్బతిని ఉండటం వల్ల అది చర్ల పోస్టాఫీసు చేరేసరికి సెప్టెంబరు చివరయింది. గదికి వెళ్లేదాకా ఆగలేక, పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చుని ఆ నలభై పేజీలు చదివేసింది.

అబ్లా నది కిందికి పోతుంది. అక్కడ తల్లి కనిపిస్తుంది. బాగానే ఉంటుంది. నీటి నాచును జుట్టులా దువ్వుతూ కూర్చుని ఉంటుంది. బుర్రలోంచి గొంతు తీసి ఆమెకు ఇచ్చేస్తుంది అబ్లా. ఆ గొంతుతో తల్లి అడిగిన మొదటి మాట "నువ్వెవరి పిల్లవమ్మా?" అని. మంగళవారం పిల్లనని అబ్లా చెబుతుంది. మంచి పేరు అంటుంది తల్లి, మళ్లీ దువ్వుకోవడంలో పడిపోతుంది. అబ్లా ఒక్కతే పైకి వస్తుంది. ఇంక నది ఎవరినీ ఎత్తుకుపోదు, ఊళ్లన్నీ బాగుపడతాయి, అందరూ పండగ చేసుకుంటారు. అబ్లా తల్లి పడవ తీసుకుని జనాన్ని దాటించడం మొదలుపెడుతుంది.

కళ్యాణి పుస్తకం మూసింది.  ఎవరికో ఒకరికి ఇప్పుడే చెప్పాలి. తల్లికి ఫోన్ చేసింది. చాంది పత్తి చేలో ఉంది, "సందేళ మాట్లాడత బిడ్డా, కూలోళ్లున్నరు" అంది. ఇంకెవరున్నారు? ఫోన్లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకుంది. అన్నీ ఆఫీసు పేర్లే.

రెండు రోజుల తర్వాత బీటుకు పోతూ బండి వాగు దగ్గర ఆపి, గూడెం వైపు నడిచింది. దారిలో కందకం దగ్గర ఆగాల్సొచ్చింది. కందకం అవతల, తాము నాటిన మొక్కలు పీకేసి, ఎకరం మేర జొన్న వేసి ఉంది. నడుమెత్తు పెరిగింది. అది దూలయ్య చెలకే. సెల్‌లో ఫోటో తీసుకుంది. తీయకుండా వెళ్లిపోతే బాగుండునని అనిపించింది, కానీ తీసింది.

గూడెంలో అడుగు పెట్టగానే ఎప్పటిలాగే సద్దుమణిగింది. వరండాలో పక్కన కూర్చుని విన్న ఆడవాళ్లే, పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. దూలయ్య ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. కందకం దాటి జొన్న వేశాడు కదా, అందుకే వచ్చిందనుకున్నట్టున్నాడు, మొహం బిగుసుకుపోయి ఉంది.

"కథ చెబుదామని వచ్చిన" అంది కళ్యాణి. ఆ మాట ఖాకీ బట్టల్లో నిలబడి అంటుంటే తనకే వింతగా అనిపించింది. "ఆ మిగిలింది చదివిన."

దూలయ్య గుమ్మం ముందు నుంచి పక్కకు జరిగాడు. నులకమంచం వాల్చాడు. పూలి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కళ్యాణి చెప్పింది. నీళ్లలోకి దిగడం, నది కింద మెట్లు, కాపలా మొసళ్లు. దూలయ్య తన భాషలో చెబుతున్నాడు, కానీ వరండాలో చెప్పినట్టు కాదు, మెల్లగా, ఆమె మొహం కేసి చూస్తూ. వాళ్లు కథ కోసం వింటున్నారో, ఆఫీసరు చెబుతుంటే లేచిపోలేక వింటున్నారో ఆమెకు తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు. చుట్టుపక్కల ఇళ్ల తలుపుల సందుల్లోంచి ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు.

తల్లి కనబడిందనేదాకా వచ్చి ఊపిరి తీసుకుంది. పూలి మోకాళ్ల మీద చేతులు బిగించుకుని, మొగుడు చెప్పేదాకా ఆగకుండా, వచ్చీరాని తెలుగులో తనే అడిగింది.

"తల్లి... గుర్తుపట్టిందా?"

కళ్యాణి ఆమె కళ్లలోకి చూసింది.

"పట్టింది" అంది. "సూడంగనే పట్టింది. పేరుపెట్టి పిలిచింది. ఇద్దరూ పైకొచ్చిండ్రు."

పూలి చాలాసేపు తల ఊపుతూనే ఉంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచి, పక్కింటి వైపు పోయింది. దూలయ్య చుట్ట వెలిగించాడు.

"మరి మా చెలక?" అన్నాడు.

"చూసిన. రిపోర్టు రాయాలె."

"అవ్. రాస్తవు మరి." అతని గొంతులో కోపం లేదు, స్నేహమూ లేదు. "కోత అయినంక రాయరాదూ?"

"చూసిన తారీకే వెయ్యాలె గదా, పెద్దాయనా. కోసుకోనియ్యమని రాస్త. సారు ఏమంటడో తెలవదు."

అతను తల ఊపాడు.  కళ్యాణి చెంబు మంచం మీద పెట్టి లేచింది.

పొద్దు వాలకముందే వాగు చేరాలని గబగబా నడిచింది. ఆ పిల్లను తల్లి గుర్తుపట్టలేదన్న సంగతి ఈ చుట్టుపక్కల తనకొక్కదానికే తెలుసు. వెనక్కి పోయి, అలా కాదు అని చెబుదామా అనుకుంది. ఆగి నిలబడింది కూడా. అప్పటికి గూడెంలో మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఆమె వెళ్లిపోయిందని అందరూ బయటికి వచ్చినట్టున్నారు. పూలి గొంతు పెద్దగా, ఉత్సాహంగా వినపడుతోంది. ఏం చెబుతోందో కళ్యాణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యమధ్య "అబ్లా" అన్న మాట మాత్రం తెలిసింది. ఆ పేరు వినపడినన్నిసార్లు ఆడవాళ్లు ఏదో అడుగుతున్నారు, పూలి బదులు చెబుతోంది.

మాటలు సన్నబడేదాకా అక్కడే నిలబడి వింది. తర్వాత వాగు దాటి, బండి స్టార్టు చేసుకుని చర్ల దారి పట్టింది.